విప్పి చూసిన నాయుడు గారు

ఈ గోడపత్రికలో కవుల జీవితాలు చాలా చదివాం. ఈసారి ఒక మెకానిక్ గురించి రాస్తున్నా. ఆయన ఇంటి మాట తెలుగు, ఊరేమో తమిళనాడు. విళాత్తికుళం, కోవిల్‌పట్టి పక్కన మన ఇళ్ళు చాలావాటిలాగే.

అందరూ జి.డి. నాయుడు అని పిలిచే గోపాలస్వామి దొరైస్వామి నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. వ్యవసాయ కుటుంబం. బడి చదువు చిన్న తరగతులతోనే ఆగిపోయింది. ఒకసారి ఒక తెల్లదొర మోటార్ సైకిల్ ఆయన కంటపడింది. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి మాత్రం పరుగెత్తుతోంది. అదెట్లా నడుస్తుందో తెలుసుకోవాలన్న పట్టుదల అప్పుడే పుట్టింది. కోయంబత్తూరు పోయి హోటల్లో సర్వర్ పని చేసి, డబ్బు కూడబెట్టి, మోటార్ సైకిల్ కొన్నారు. కొన్నది ఊళ్ళో తిరగడానికి కాదు. ముక్క ముక్కగా విప్పి, మళ్ళీ బిగించి, ఇంజన్ని చేతులతో చదువుకున్నారు.

1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. అదే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి మన దేశంలోనే ఎలక్ట్రిక్ మోటార్ తయారు చేశారు. 1945లో ఆర్థర్ హోప్ పేరుతో కోయంబత్తూరులో ఇంజనీరింగ్ కాలేజీ రావడానికి ఆయనే కారణం. అన్నేళ్ళ కోర్సు అక్కర్లేదు, పని చేస్తూ నేర్చుకుంటే తక్కువ కాలం చాలు అన్నది ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. 1952లో సుమారు 2,000 రూపాయలకే ఇద్దరు కూర్చునే కారు తయారు చేస్తే దానికీ లైసెన్స్ రాలేదు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

ఈ కథ ఇప్పుడెందుకంటే, మా మామ తన చిన్న డీజిల్ ట్రాక్టర్‌కి టర్బో పెట్టిస్తానంటున్నాడు. ఐప్పసి వానలకి ముందు కరిసల్ నేల దున్నాలి. నాగలి లోతుగా దిగితే ఇంజన్ గొణుగుతుంది, నల్లపొగ వస్తుంది. ట్రాక్టర్ మీద బ్యాంకు అప్పు ఇంకా ఉంది. ఇంజన్ మాటలు మగవాళ్ళవని మనం పక్కకి పోతాం గానీ, ఆ అప్పు ఇంట్లో అందరిదీ.

టర్బో ఆలోచనకి 1905లో పేటెంట్ తీసుకున్నది స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి. వృథాగా పోయే పొగే ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రం ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపుతుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ డీజిల్ కాలుతుంది, బలం పెరుగుతుంది. దాంతోపాటు వేడీ ఒత్తిడీ పెరుగుతాయి. పిస్టన్, హెడ్ గ్యాస్కెట్, బేరింగులు, రేడియేటర్ అవన్నీ తట్టుకోవాలి. క్లచ్, గేర్లు కూడా. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగల ఆ ఇరుసుకి శుభ్రమైన ఆయిల్ ఆగకుండా అందాలి. టర్బో లేకుండా తయారైన పాత ఇంజన్‌కి ఇవన్నీ చూడకుండా తగిలిస్తే సీజన్ మధ్యలోనే బండి మూలపడుతుంది.

పైగా నల్లపొగ అంటే డీజిల్‌కి సరిపడా గాలి అందలేదని. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, ఇంజెక్టర్ పాడైనా అదే పొగ వస్తుంది. నాయుడు గారి జీవితంలో నాకు దొరికింది ఇదే. ఆయన కొత్తది చేసే ముందు ఉన్నదాన్ని విప్పి చూశారు. మామకీ అదే చెప్పా. ముందు ఫిల్టర్ తీసి చూడు, ఇంజెక్టర్ చెక్ చేయించు, నాగలి లోతు కొంచెం తగ్గించు. టర్బో మాట ఆ తర్వాత.