మూడోసారి పాసైన అబ్బాయి



ఈ నెల ప్రోగ్రెస్ కార్డు మీకు అందే ఉంటుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టి, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పిన ఒక తెలుగు అబ్బాయి గురించి చదవండి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో డబ్బు సంపాదిస్తానని కాశీకి బయలుదేరితే, తల్లి వెంకమ్మగారు వెనక్కి తెప్పించి మళ్లీ బడికి పంపారు. పరీక్ష తప్పినా చదువు మాన్పించలేదు. మూడోసారి మద్రాసులో పాసయ్యారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ ఇచ్చారు. ఇంతలో అన్న పురుషోత్తం స్ప్రూ జబ్బుతో చనిపోయారు.

ఆ బాధతోనే అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో పరిశోధన చేశారు. మన కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించినవారిలో ఆయన ఒకరు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. స్ప్రూకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ఆయన బృందం ప్రయోగశాలలో తయారు చేసింది.

తర్వాత ఆయన నడిపిన విభాగంలోనే డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. దాని గొప్ప ఏమిటంటారా? కొన్ని బ్యాక్టీరియాలు మన కణాల లోపలే దాక్కుని, తమ జన్యువుల్లో రాసి ఉన్న ప్రకారం ప్రోటీన్లు తయారు చేసుకుంటూ పెరుగుతాయి. వాటిపై పెన్సిలిన్ పనిచేయదు. ఈ మందు కణంలోకి వెళ్లి ఆ తయారీనే ఆపుతుంది. వంట తెలిసినా పొయ్యి వెలగనట్టు, జన్యువులున్నా బ్యాక్టీరియా పెరగలేదు. ఇప్పుడు కర్నూలు, కడపల్లో స్క్రబ్ టైఫస్ జ్వరానికి డాక్టర్లు రాసే డాక్సీసైక్లిన్ కూడా ఈ కుటుంబపు మందే.

ఆరియోమైసిన్‌ను 1948లో ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. ఆ మందు ఎందరిని బతికించిందో ఆయన చూడలేదు. కొడుకు ఇంతవాడవుతాడని, తిరిగి బడికి పంపిన రోజున వెంకమ్మగారికీ తెలియదు.

ఇక ఆ కార్డు తీయండి. మార్కులు తగ్గి ఉంటే కోప్పడకుండా, ఏ పాఠం దగ్గర ఆగిపోయారో పిల్లల్నే అడగండి. తర్వాత మా దగ్గరికి రండి. అక్కడి నుంచే మళ్లీ మొదలుపెడదాం.