మరియతల్లి పక్షాన వాదించిన గురువు

మరియతల్లి జన్మపాపం సోకకుండానే తల్లి కడుపున పడిందని జ్ఞానోపదేశం నేర్చిన మన పిల్లలు కూడా చెబుతారు. కాని ఒకప్పుడు పునీత తోమాసు అక్వినాసు వంటి మహనీయులే దీనిని ఒప్పుకోవడానికి వెనుకాడారు. ఆమెకు ఏ పాపమూ అంటకపోతే, ఆమెకు రక్షకుడు దేనికి? ఇది తేలిగ్గా తీసివేయదగిన ప్రశ్న కాదు.

దీనికి జవాబు చెప్పినవారు ఫ్రాన్సిస్కన్ సభ గురువు జాన్ డన్స్ స్కోటస్. 1266 ప్రాంతంలో స్కాట్లాండులో పుట్టి, 1291లో గురుపట్టం పొంది, ఆక్స్‌ఫర్డులోను, పారిస్‌లోను బోధించారు. 1303లో ఫ్రాన్సు రాజు నాలుగవ ఫిలిప్పు, ఎనిమిదవ బోనిఫేసు పోపుగారికి ఎదురు తిరగమంటే ఒప్పుకోక పారిస్ విడిచి వెళ్లారు.

ఆయన వాదన మన మాటల్లో చెప్పుకుందాం. బావిలో పడిన బిడ్డను పైకి తీసినవాడు రక్షకుడే. పడకముందే చెయ్యి పట్టి ఆపినవాడో? అంతకన్నా గొప్ప రక్షకుడు. కనుక క్రీస్తునాధునికి మనకంటె మరియమ్మే ఎక్కువ ఋణపడి ఉంది.

స్కోటస్ 1308 నవంబరు 8న కొలోన్ నగరంలో కన్నుమూశారు. తరువాతి కాలంలో గిట్టనివారు ఆయన శిష్యులను వెక్కిరించారు. ఇంగ్లీషులో మందబుద్ధిని ‘డన్స్’ అనడం అలా వచ్చిందే! తొమ్మిదవ పియస్ పోపుగారు అమలోద్భవాన్ని విశ్వాస సత్యంగా ప్రకటించింది 1854లో. స్కోటస్ గారిని రెండవ జాన్ పాల్ పోపుగారు ధన్యునిగా గుర్తించింది 1993లో.