కొమర్రాజు లక్ష్మణరావుగారు - మా చెరువు రాయి

బి.ఎస్సీ. చదివేవాడికి చరిత్రతో ఏం పని అని మిత్రులు అడిగారు. నిజమే, హైస్కూల్లో నాకు చరిత్ర అంటే సోషల్ పేపరులో ఒక భాగం, అంతే. యుద్ధాలు, సంవత్సరాలు గైడు చూసి బట్టీపట్టి, పరీక్ష మర్నాడే మరచిపోయాను. ఆ సంగతులను ఎవరు, ఎలా కనిపెట్టారో మా పాఠంలో లేదు, నేనూ అడగలేదు. ఫిజిక్సులో సూత్రం వెనుక ప్రయోగం ఉన్నట్టే చరిత్ర వెనుక కూడా శ్రమ ఉంటుందని కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారి జీవితం చదివాకనే నాకు తెలిసింది.

ఆయన 1877లో నాటి కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. చిన్ననాడే తండ్రి పోతే, అక్క బండారు అచ్చమాంబగారు తమ్ముణ్ణి నాగపూరు ప్రాంతానికి తీసుకుపోయి చదివించారు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్కగారూ నేర్చుకున్నారట! బడికి పోని ఆవిడ తరువాత 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేర స్త్రీల చరిత్రలు రాశారు. చరిత్ర పీరియడులో కునికిపాట్లు పడ్డ నాకు ఇది చదివితే సిగ్గు వేసింది. నాగపూరులో అబ్బిన మరాఠీ ఆయనకు శివాజీ చరిత్ర తెలుగులో రాసేటప్పుడు కలిసివచ్చింది.

ఎం.ఏ. పట్టా ఉండి మునగాల సంస్థానంలో దివానుగిరీ చేస్తూ హాయిగా కాలం గడపవచ్చు. ఆయన ఊరుకోలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపించడంలో ముందు నిలిచారు. చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం 1910లో ఆ మండలి ద్వారానే వచ్చింది. మా సైన్సు వాళ్లు గమనించాలి, ఆచంట లక్ష్మీపతిగారి 'జీవశాస్త్రము' కూడా ఆ మండలిదే. తెలుగులో సైన్సు కుదరదని ఇప్పటికీ అనేవారున్నారు!

తరువాత విజ్ఞానసర్వస్వం తలపెట్టారు. లోకంలోని విషయాలన్నీ అక్షరక్రమంలో తెలుగువారికి చెప్పాలని సంకల్పం. మూడు సంపుటాలు వెలువడ్డాయి, మొదటి అక్షరాలు దాటకుండానే 1923లో మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి నలభై ఆరేళ్లే.

శాసనాలను చదివి చరిత్ర రాయాలన్నది ఆయన పట్టు. రాజుగారు ఏం చేశారో కథలు చెప్పవచ్చు గాని, దానమిచ్చిన పొలం హద్దులు చెప్పేది రాయే. ఆయన పోయాక హైదరాబాదులోని పరిశోధక మండలి ఆయన పేరే పెట్టుకుని తెలంగాణా శాసనాలను సేకరించి అచ్చువేసింది.

అక్కడికి వచ్చేసరికి నేను పుస్తకం మూసేశాను.

మా ఊరి చెరువు తూము దగ్గర ఒక అక్షరాల రాయి ఉండేది. కోతలప్పుడు దానిమీదే కొడవళ్లు నూరేవాళ్లం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా తూము మరమ్మతుకు దాన్ని పగలగొట్టి గోడలో వేశారు. ముక్కలు మోసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ ఏడే కాకతీయులు చెరువులు తవ్వించారన్న ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్నాను!

సంక్రాంతికి వెళ్లినప్పుడు నాన్నను అడిగాను, దానిమీద ఏముండేదని. పైన సూర్యుడు, చంద్రుడు ఉండేవారు, కింద ఏముందో మనకేం తెలుసురా అన్నాడు. ఎండాకాలం నీళ్లు తీశాక తూము గోడలో ఒక ముక్క అక్షరాలతో సహా బయటపడుతుందట. పరీక్షలు కాగానే కాగితాలు, బొగ్గు పట్టుకుని వెళ్తున్నాను.