గ్రహణియు గ్రహణపు మొర్రియు: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

బందరులో గాని, గుడివాడలో గాని, దివిసీమలోని అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతపు పల్లెలలో గాని గ్రహణము పట్టిన దినమున గర్భిణి గడప దాటదు. కత్తిపీట ముట్టదు, కూర తరుగదు, కాలు ముడుచుకొనక వెల్లకిల పరుండును. ఈ నియమమును నేటికిని పాటించు ఇండ్లు అనేకములు కలవు. నియమము తప్పినచో పుట్టబోవు బిడ్డకు పెదవి చీలునని పెద్దల భయము. అట్లు చీలిన పెదవికి తెలుగున గ్రహణపు మొర్రి యని పేరు. ఆ పేరులోనే ఒక తీర్పు ఇమిడియున్నది. బిడ్డ పెదవి చీలినది తల్లి అజాగ్రత్త చేతనని ఊరంతయు ఒక్క మాటలో చెప్పివేయుచున్నది.

ఈ పదమునకు తోబుట్టువు వంటి పదము మరియొకటి మన వైద్యమున కలదు. తిన్న అన్నము వంటబట్టక, నాలుక పూసి, రక్తము క్షీణించి మనుష్యుని కృశింపజేయు వ్యాధికి గ్రహణి, సంగ్రహణి యని పేర్లు. రెండింటికిని ధాతు వొక్కటియే. పట్టుకొనుట యని దాని యర్థము. ఈ రెండు పదముల నడుమ ఒక ఆంధ్రుని జీవితము చిక్కుకొనియున్నది.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. ఆ భీమవరము తాలూకా 1904 మొదలు 1925 వరకు కృష్ణా జిల్లాలోనిదే యగుటచే, ఆయన బడికి పోవు నాళ్ళలో ఆ ఊరికి జిల్లా ముఖ్యపట్టణము మచిలీపట్టణమే. తండ్రి జగన్నాథము రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. సంసారము పెద్దది, రాబడి చిన్నది. పదుమూడవ యేట సుబ్బారావు, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింతునని జ్ఞాతి బాలునితో ఇల్లు విడిచి, మార్గమధ్యముననే పట్టుబడి తిరిగి వచ్చెను. తండ్రి గతించిన పిమ్మట తల్లి నగలమ్మి రాజమహేంద్రవరమున చదివించెను. మెట్రిక్యులేషను పరీక్షలో ఆయన రెండు మారులు తప్పి, మూడవ మారు మద్రాసు హిందూ హైస్కూలు నుండి నెగ్గెను. రెండు మారులు తప్పిన విద్యార్థిని గూర్చి ఏ పాఠశాలలో నైనను ఏమనుకొందురో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా ఆయన మనస్సు సన్న్యాసముపైకి పోయినది. రామకృష్ణ మఠమువారు వైద్యము చదివి సేవ చేయుమని ఆయనను మరల్చిరి. మామగారి ధనసాహాయ్యముతో మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. గాంధీజీ పిలుపు విని ఖద్దరు అంగీ తొడుగుకొని శస్త్రశాలకు పోగా శస్త్రచికిత్సాచార్యునికి ఆగ్రహము కలిగెను. తక్కిన విషయములలో బాగుగ వ్రాసినను, ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.యస్. అను తక్కువ పట్టమే దక్కెను. మద్రాసు వైద్య సర్వీసులో ప్రవేశము దొరకలేదు.

అంతకు మించిన దెబ్బ ఇంటిలో తగిలినది. ఇరువురు సోదరులు కొద్ది వ్యవధిలోనే సంగ్రహణికి బలియైరి. ఆ వ్యాధి సుబ్బారావునకును సోకెను. ఇంగ్లీషు మందులకు లొంగని ఆ రోగమును డాక్టరు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కుదిర్చెను. ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు శారీరశాస్త్రోపన్యాసకుడుగా కుదురుకొనెను.

శారీరశాస్త్రము చెప్పువాడు ఎముకల పేటిక ముందు నిలిచి చెప్పవలసిన కఠినమైన పాఠములలో పై దవడ పాఠ మొకటి. పై దవడ యనగా ఒక్క ఎముక కాదు. కుడి ఎడమల నుండి వచ్చి ముఖమధ్యమున కలిసికొన్న రెండెముకల జంట అది. ఒక్కొక్క దాని నడిమి భాగము బోలుగా, గాలి నిండిన గదివలె నుండును. జలుబు ముదిరినప్పుడు చెంప లోపల బరువుగా నొప్పి పుట్టునది ఆ గదిలోనే. ఆ నడిమి భాగము నుండి నాలుగు కొమ్మలు చాచుకొని, ఒకటి ముక్కు ప్రక్కగా నుదుటి ఎముకను, ఒకటి చెంప ఎముకను అందుకొనును. ఒకటి క్రిందికి దిగి పండ్లను పట్టును. ఒకటి అడ్డముగా సాగి అంగిలి యగును. కంటిగుంటకు నేల, ముక్కునకు గోడ, నోటికి కప్పు, మూడును దీని పనియే. ముందరి నాలుగు కొరుకుపండ్లను మోయు ముక్క మొదట వేరుగా ఏర్పడి పిదప అతుకుకొనును. జంతువులలో కనబడు ఆ అతుకు మానవునిలో లేదని పదునెనిమిదవ శతాబ్దపు పండితులు కొందరు వాదించుచుండగా, 1784లో జర్మను మహాకవి గేటే యేనా నగరమున పుర్రెలను పోల్చి చూచి దాని జాడ పట్టెను. ఫ్రాన్సులో మరియొక శాస్త్రజ్ఞుడు అంతకు ముందే గుర్తించెను గాని, కావ్యకర్త పుర్రెలను చేతబట్టి కూర్చుండుట మన సాహిత్యపరులకు వినసొంపైన వార్తయే.

మానవపిండమునకు నాలుగవ వారమున ముఖమే లేదు. నోటి పల్లము చుట్టును అయిదు మొగ్గలుండును. పైనుండి నాసిక మొగ్గయు, ప్రక్కలనుండి పై దవడ మొగ్గలును పెరిగి, ఆరేడు వారములు నిండు సరికి ఒకదానితో నొకటి కలిసికొనగా పై పెదవి సిద్ధమగును. కలియనిచో అచ్చట చీలిక మిగులును. అందుచేతనే మొర్రి సాధారణముగా పెదవి నట్టనడుమ గాక ఒక ప్రక్కనో, ఇరుప్రక్కలనో ఉండును. చిగుళ్ళ వరకు సాగినచో ప్రక్క కొరుకుపంటికిని కోరపంటికిని నడుమగా పోవును. అంగిలి కథ వేరు. దాని రెండు పలకలు మొదట నాలుకకు ఇరువైపుల నిలువుగా వ్రేలాడి, నాలుక క్రిందికి దిగిన పిదప అడ్డముగా లేచి, మూడవ నెల ముగియు నాటికి ఏకమగును. ఏకము కానిచో శిశువు త్రాగిన పాలు ముక్కులోనికి వచ్చును, పెరిగిన పిదప మాట ముక్కున పోవును. ప్రపంచమున సుమారు 700 మంది శిశువులలో ఒకరు ఇట్టి చీలికతో పుట్టుచున్నారు.

ఆ మొగ్గలు కలిసికొనుటకు కణములు అతిత్వరితముగా విభజన చెందవలెను. విభజనకు కావలసిన ద్రవ్యమేదో సుబ్బారావు మద్రాసున పాఠము చెప్పు నాళ్ళలో లోకమున ఎవ్వరును ఎరుగరు. దానిని వెలికి దీయు శాస్త్రజ్ఞులకు తాను నాయకుడు కాగలనని ఆయనయు ఎరుగడు.

కాకినాడ మల్లాడి సత్యలింగము ధర్మసంస్థ వాగ్దానమును, మామగారి సాయమును నమ్ముకొని, ఇరువదియేడెనిమిదేండ్ల వయస్సున ఆయన అమెరికాలోని బోస్టనుకు ఓడనెక్కెను. హార్వర్డులో ఉష్ణమండల వైద్యము చదువుచు, పొట్టపోసికొనుటకు రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచు పని చేసెను. ఇంట భార్య శేషగిరి కనిన కుమారుడు శైశవముననే పోయెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూచుటయే తటస్థింపలేదు. భార్యాభర్తలు మరల కలిసికొనలేదు. ఆయన కీర్తిని చెప్పువారు ఈ భాగమును తొందరగా దాటిపోవుదురు గాని, ఆ కీర్తికి వెల చెల్లించినవారిలో శేషగిరమ్మయు ఒకతె.

హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యను పేర రసాయన విద్యార్థులు దాని నెరుగుదురు. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో జీవకణముల శక్తికి నాణెము వంటి ఏ.టి.పి. వెలువడినవి. అయినను అచ్చట స్థిరమైన ఉద్యోగము దక్కలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివరులోని లెడర్లీ ప్రయోగశాలకు తరలిపోయెను.

ఈలోగా బొంబాయి నుండి ఒక జాడ వచ్చియుండెను. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణుల రక్తహీనతను పరీక్షించి, ఈస్టు సారము తినిపించినచో అది తగ్గుచున్నదని 1931లో వెల్లడించెను. 1941లో అమెరికాలో కొందరు నాలుగు టన్నుల పాలకూర నుండి రవంత ద్రవ్యము తీసి, లాటిన్ భాషలో ఆకును తెలుపు మాట నుండి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. మన తోటకూర, మునగాకులలోనిదియు అదియే. సుబ్బారావు నడపిన బృందము దానిని కాలేయము నుండి శుద్ధిచేసి, దాని నిర్మాణమును గ్రహించి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసెను. ఆ ప్రకటనలో పదునారుగురి పేర్లుండగా, బృందనాయకుని పేరు వాని నడుమ నెక్కడనో ఉన్నది. ఆ వెనువెంటనే వైద్యులు దానిని సంగ్రహణి రోగుల కిచ్చి చూచిరి. పూసిన నాలుకలు మానినవి, రక్తము పుంజుకొన్నది. సోదరులను మ్రింగిన వ్యాధికి మందు దొరకినది. నడుమ పాతికేండ్ల కాలము గడచినది.

ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్ అను పదార్థమును గూడ ఆ ప్రయోగశాలయే తయారుచేసెను. దానితో బోస్టనున సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు కొంతకాలము ఉపశమనము కలిగించి, 1948లో ప్రకటించెను. క్యాన్సరు చికిత్సకు అదియొక తొలి మెట్టు. అయితే కణ విభజనను ఆపు మందు గర్భమునందలి శిశువును ఊరక విడువదు. 1952లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు చూలు ఎలుకలకు ఫోలిక్ ఆమ్లము అందకుండ చేయగా, చీలిన అంగిలి మొదలగు అనేక లోపములతో పిల్లలు పుట్టెను. అమినోప్టెరిన్ వాడిన స్త్రీల శిశువులలోను ముఖము, పుర్రె, దవడలు చెడినవి. ఈ ఫలితములు చూచుటకు సుబ్బారావు బ్రతికి లేడు.

పిదప బ్రిటిషు వైద్య పరిశోధక మండలి 1991లో చూపినదేమనగా, అంతకు ముందు వెన్ను లోపముగల బిడ్డను కనిన తల్లులకు గర్భమునకు ముందునుండియే ఫోలిక్ ఆమ్ల మిచ్చినచో, ఆ లోపము మరల కలుగుట నూటికి 72 వంతులు తగ్గును. గ్రహణపు మొర్రి విషయమున సాక్ష్యము ఇంత గట్టిది కాదు. 2007లో నార్వే పరిశీలన ఒకటి పెదవి చీలిక మూడవ వంతు తగ్గునని తెలిపెను గాని, అన్ని పరిశీలనలును ఏకీభవింపలేదు. వంశము, పొగాకు, కొన్ని మూర్ఛమందులు మొదలగు కారణములును కలవు. గ్రహణము మాత్రము వానిలో లేదు. ఆలోచించినచో గ్రహణపు కట్టడి కాలముతో గూడ పొసగదు. పెదవి ఏడవ వారమునకే ముగిసిన పని. కడుపు పండినదని ఇంటివారికి తెలిసి, పంచాంగము చూచి, కోడలిని గదిలో పరుండబెట్టు నాటికి బిడ్డ పెదవి కలిసియైనను ఉండును, చీలియైనను ఉండును. పుట్టిన బిడ్డకు మూడు నుండి ఆరు నెలలలో పెదవికి, సంవత్సరము అటునిటుగా అంగిలికి శస్త్రచికిత్స చేసినచో రూపమును మాటయు చక్కబడును.

సుబ్బారావు చివరి యేండ్లు పనితోనే నిండినవి. 1947లో ఆయన బృందము బోదకాలు వ్యాధికి మందు కనుగొనెను. కృష్ణా గోదావరి డెల్టాలలో బోదకాలు ఏమో వర్ణింపనక్కరలేదు. 1948లో టెట్రాసైక్లినులలో మొదటిదైన ఆరియోమైసిన్ అదే ప్రయోగశాల నుండి వెలువడెను. ఆ సంవత్సరము ఆగస్టు నెలలో న్యూయార్కున నిద్రలోనే గుండె ఆగి, ఏబదిమూడవ యేట ఆయన మరణించెను. అమెరికా పౌరుడు కాలేదు, స్వదేశమునకు తిరిగి రాలేదు. 1995లో శతజయంతికి భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసెను.

గర్భిణులకు ప్రభుత్వ వైద్యశాలలలో నాలుగవ నెల మొదలు ఇచ్చు ఎర్రని ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్ర రక్తహీనతకు మంచిదే గాని, ముఖము ఏర్పడు గడియకు అది అందదు. దానికి ముందే అందునది వేరొకటి కలదు. అవనిగడ్డలోను, గుడివాడలోను, బందరులోను బడులలో ఉపాధ్యాయులు వారమున కొక్కటి చొప్పున బాలికల చేత మ్రింగించు నీలి మాత్ర అది. దానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము కలవు. చేదని మొగము చిట్లించి, కిటికీలో నుండి పారవేయు పిల్లలును ఉందురు.