సర్ థామస్ మన్రో – సాక్ష్యవిచారము

వ్యవహారనిర్ణయమునకు లిఖితము, భుక్తి, సాక్షులు అను మూడును ప్రమాణములని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. విజ్ఞానేశ్వరుని మితాక్షర వలనను, 13వ శతాబ్దమున కేతన రచించిన విజ్ఞానేశ్వరీయము వలనను ఈ విభాగము తెలుగువారికి చిరపరిచితము. ప్రమాణములు ఎన్ని యున్నను, వానిని తూచి చాలునో చాలదో చెప్పవలసినవాడు ఎవ్వడు? ఈ ప్రశ్నను కడప సీమలో పాలకుడుగా ఎదుర్కొనినవాడు సర్ థామస్ మన్రో.

మన్రో 1761 మే 27న స్కాట్లాండు నందలి గ్లాస్గో నగరమున జన్మించెను. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి మద్రాసునకు వచ్చెను. బారామహలు, కెనరా ప్రాంతములలో రెవెన్యూ పాలన నేర్చెను. 1800లో నిజాము బళ్లారి, కడప సీమలను కంపెనీకి ఇచ్చివేయగా, 1807 వరకు ఆ దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములు ఆ దత్తమండలములలోనివే.

రైతువారీ శిస్తును నిర్ణయించుటకై ఆయన పొలము పొలమును గొలుసుతో కొలిపించెను. ఒకరు కొలిచినదానిని వేరొకరు తనిఖీ చేయుటకును, నేల తరగతిని గ్రామస్థుల యెదుట నిర్ణయించుటకును ఏర్పాటు చేసెను. ఏ ఒక్కని మాటయు చాలదనుట ఈ పద్ధతికి మూలము. పరిశీలించి చూడగా కరణము లెక్క లిఖితమును, రైతు అనుభవము భుక్తిని, ఊరివారి వాక్కు సాక్ష్యమును పోలియున్నవి.

అయితే పాలెగాండ్ర విషయమున ఆయన ఇట్టి విచారణను పాటింపలేదు. దత్తమండలములలోని పాలెగాండ్రను సైన్యబలముతో అణచెను. అభియోక్తయు నిర్ణేతయు తానే అయ్యెను. ఈ కాఠిన్యమును కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించిరి. ఆయన చరిత్ర వ్రాయువారు ఈ లోపమును దాచరాదు.

1807లో స్వదేశమునకు మరలిన మన్రో, 1814లో న్యాయవ్యవస్థా సంస్కరణ సంఘమునకు అధ్యక్షుడై తిరిగి వచ్చెను. నాటి అదాలతులలో న్యాయాధిపతి విదేశీయుడు. సాక్షి పలుకు ఆయనకు అనువాదముగాను, కాగితముగాను చేరుచుండెను. సాక్షి తడబాటు భయముచేతనో, అసత్యముచేతనో తెలియుటకు ఆతని భాషయు, ఆచారమును ఎరుగవలెను. అందుచేత వాస్తవములను నిర్ణయించుటలో విదేశీయునికంటె దేశీయులే సమర్థులని మన్రో నిశ్చయించెను.

తత్ఫలితముగా 1816లో రెగ్యులేషనులు వెలువడినవి. గ్రామపెద్ద మునసబై 10 రూపాయల వరకును, జిల్లా మునసబు 200 రూపాయల వరకును గల దావాలను విచారింపవచ్చును. ఉభయపక్షములు అంగీకరించినచో ఎంత మొత్తపు వ్యాజ్యమునైనను పంచాయతీకి అప్పగింపవచ్చును. కులము, శ్రేణి, పూగము అను సభలకు నిర్ణయాధికారము నొసగిన ధర్మశాస్త్రకారుల మతమునకు ఇది సన్నిహితము.

కాని పంచాయతీలను ఆశ్రయించినవారు స్వల్పులు. జిల్లా మునసబుల కచేరీలకే వ్యాజ్యములు ప్రవహించెను. సాక్షిని ఎరిగినవాడు సత్యము నెరుగగలడు. కాని ఎరిగినవానికి పక్షపాతమును సంభవించును. ఈ రెండవ అంశమునకు మన్రో తగినంత ప్రాధాన్యమీయలేదని తోచుచున్నది. 1872 నాటి సాక్ష్యచట్టము సాక్షుల సంఖ్యను నియమింపక, వివేకియగు మనుష్యుడు నమ్మదగినంత సంభావ్యతయే నిరూపణమని నిర్దేశించెను. 2024 జూలై 1న ఆ చట్టమునకు బదులుగా అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఈ సూత్రమునే నిలిపినది.

1820లో మద్రాసు గవర్నరైన మన్రో, దత్తమండలములలో పర్యటించుచు 1827 జూలై 6న పత్తికొండలో కలరా వ్యాధిచే మరణించెను. పులివెందుల ప్రాంతమున, పాపఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చు గండి క్షేత్రమున, ఆయనకు ఆకాశమున బంగారు తోరణము కనబడెననియు, అది ఆసన్నమరణులగు పుణ్యాత్ములకే గోచరించుననియు జనశ్రుతి.

ఈ కథను ఆయన కొలమానముతోనే తూచవలసియున్నది. తోరణమును చూచిన ఇతరసాక్షి లేడు. కావున దర్శనము నిరూపితము కాదు. అయినను పాలించిన పరదేశీయుని ఈ సీమవారు పుణ్యాత్ముల వరుసలో నిలిపిరనుటకు తరతరముల జనవాక్యమే సాక్ష్యము. ఆ అంశమునకు ఆ సాక్ష్యము చాలును. పాలెగాండ్ర పక్షమున పలుకుటకు మాత్రము నాడు ఏ సభయు కూర్చుండలేదు.