ఇంటి కూటము కొరకు చెరసాలకు వెళ్లిన జాన్ బన్యన్



యాత్రికుని ప్రయాణము అను పుస్తకము పేరు వినని క్రైస్తవ కుటుంబము మన పల్లెలలో అరుదు. వీపున బరువైన మూటతో బయలుదేరిన యాత్రికుడు సిలువ యొద్దకు వచ్చినప్పుడు ఆ మూట జారి పడిపోయిన కథను, చదువురాని పెద్దలు సహితము విని సంతోషించియున్నారు. అయితే ఆ పుస్తకము వ్రాసిన జాన్ బన్యన్ దాదాపు 12 సంవత్సరములు చెరసాలలో ఎందుకుండెనని అడిగినయెడల, చెప్పగలవారు కొద్దిమందియే. అతడు దొంగతనము చేయలేదు, ఎవరినీ కొట్టలేదు, కుట్ర పన్నలేదు. ఒక ఇంటిలో కూడిన పొరుగువారికి దేవుని వాక్యము బోధింపబూనుటయే అతని నేరము.

బన్యన్ 1628లో ఇంగ్లాండు దేశమందు బెడ్‌ఫోర్డు పట్టణమునకు దగ్గరనున్న ఎల్‌స్టో అను పల్లెలో జన్మించెను. తండ్రి బొక్కపడిన గిన్నెలకు మాట్లు వేసి జీవించువాడు. కుమారుడును ఆ పనియే నేర్చుకొని ఊరూర తిరిగి గిన్నెలు బాగుచేసెను. బడి చదువు కొంచెమే. యౌవనమందు అంతర్యుద్ధ కాలములో పార్లమెంటు పక్షపు సైన్యములో కొంతకాలముండెను. తరువాత ఒక బీద యువతిని వివాహమాడెను. ఆమె తెచ్చిన కట్నమెల్ల రెండు భక్తి పుస్తకములే. పళ్లెములు చెంచాలు సహితము సరిగా లేని ఇల్లది.

ఒక దినమున అతడు పనిమీద బెడ్‌ఫోర్డు వీధిలో పోవుచుండగా, ముగ్గురు నలుగురు బీద స్త్రీలు గుమ్మము దగ్గర ఎండలో కూర్చుండి, దేవుడు తమ హృదయములలో చేసిన మేలును గూర్చి మాటలాడుకొనుచుండిరి. బన్యన్ దగ్గరకు వెళ్లి వినెను. మతవిషయములు తనకును తెలియుననుకొన్నవాడు, వారి మాటలలోని సంతోషము తనకు లేదని గ్రహించెను. అతని మారుమనస్సునకు దారితీసినది గొప్ప ఆలయములోని ప్రసంగము కాదు, ఒక ఇంటి గుమ్మము దగ్గర బీద స్త్రీల మాటలు. తరువాత అతడు ఆ స్త్రీలు చేరియున్న సంఘములో చేరి, జాన్ గిఫర్డ్ అను కాపరి వలన బలపరచబడి, క్రమముగా తానే పల్లెలలో బోధింపసాగెను. పాకలలోను, రైతుల ఇండ్లలోను, పొలములలోను జనులు కూడి వినిరి.

1660వ సంవత్సరము మే నెలలో రెండవ చార్లెస్ రాజు తిరిగి సింహాసనమెక్కెను. రాజ్యముతో పాటు బిషప్పుల అధికారమును తిరిగి వచ్చెను. ప్రభుత్వ సంఘపు ఆరాధనకు రాక, వేరుగా కూడుకొనువారిమీద అధికారులకు అనుమానము పుట్టెను. క్రొత్త చట్టము కొరకు వారు వేచియుండలేదు. ఎలిజబెత్ రాణి కాలమున 1593లో చేసిన పాత చట్టమొకటి యుండెను. దాని ప్రకారము, ఆలయమునకు రాక వేరు కూటములలో చేరినవానిని చెరలో వేయవచ్చును. మూడు మాసములలో లోబడనియెడల దేశమునుండి వెళ్లగొట్టవచ్చును. సెలవులేక తిరిగివచ్చినయెడల ఉరితీయవచ్చును.

1660 నవంబరు 12వ తేదీన, బెడ్‌ఫోర్డునకు సుమారు 12 మైళ్ల దూరమున లోయర్ సాంసెల్ అను చోట ఒక రైతు ఇంటిలో కూటమునకు బన్యన్‌ను పిలిచిరి. అతడు చేరునప్పటికి ఆ ఇంటివారి ముఖములు చిన్నబోయియుండెను. ఫ్రాన్సిస్ వింగేట్ అను మేజిస్ట్రేటు బన్యన్‌ను పట్టుకొనుటకు వారంటు ఇచ్చియుండెనని వారికి తెలిసినది. కూటము మానివేసి వెళ్లిపొమ్మని ఇంటియజమాని బ్రతిమాలెను. పారిపోవుటకు సమయముండెను. బన్యన్ బయట చేనులోనికి వెళ్లి ఇటునటు నడచుచు ఆలోచించెను. ఇంతవరకు ధైర్యముగా ఉండుమని ఇతరులకు బోధించినవాడు, నేడు తానే పారిపోయినయెడల, క్రొత్తగా విశ్వసించిన బలహీనులు ఏమనుకొందురు? వారంటు అన్న మాట వినగానే పరుగెత్తవచ్చునని వారు నేర్చుకొందురు గదా! ఇట్లు తలంచి లోనికి వచ్చి, ప్రార్థనతో కూటము ప్రారంభించెను. వాక్యము విప్పి చెప్పుచుండగనే కానిస్టేబులు వచ్చెను.

ఆయుధములు పట్టుకొని కూడిరేమో అని మేజిస్ట్రేటునకు అనుమానముండెను. కానిస్టేబులు చూచినది మాత్రము చేతులలో బైబిళ్లు గల కొద్దిమంది జనులనే. మరునాడు వింగేట్ అతనిని విచారించి, గిన్నెలు బాగుచేయు పని చూచుకొనక ఇదేమి పనియని అడిగెను. రెండు పనులును తాను చేయగలనని బన్యన్ చెప్పెను. పూచీదారులు సిద్ధముగా నుండిరి. అయితే అతడు మరల బోధించినయెడల వారి సొమ్ము పోవునని షరతు పెట్టిరి. బోధింపక మానలేనని అతడు ముందుగానే చెప్పివేసెను. కాబట్టి బెడ్‌ఫోర్డు చెరసాలకు పంపబడెను.

అధికారుల భయమునకు కారణమే లేదని మనము చెప్పరాదు. 1661 జనవరిలో మతావేశముగల కొందరు లండను వీధులలో కత్తులు దూసి తిరుగుబాటు చేసిరి. రహస్య కూటములలోనే ఇట్టివి పుట్టునని ప్రభుత్వము నమ్మెను. కాని బన్యన్ కూటములలో రహస్యమేమియు లేదు. న్యాయస్థానపు గుమాస్తాయైన పాల్ కాబ్ చెరసాలకు వచ్చి మంచిమాటలతో నచ్చజెప్పినప్పుడు, తన ప్రసంగములన్నిటి వ్రాతలను ఎవరికైనను చూపుటకు సిద్ధమని బన్యన్ చెప్పెను. రాజును గౌరవించుట తన విధియని ఒప్పుకొనెను. చట్టమునకు లోబడుటకు రెండు మార్గములున్నవని అతని తలంపు. మనస్సాక్షి ఒప్పినచోట చట్టము చెప్పినది చేయుట ఒకటి. ఒప్పనిచోట, ఎదురు తిరుగక చట్టము విధించు శిక్షను సహించుట రెండవది.

1661 జనవరిలో విచారణ జరిగెను. న్యాయాధిపతులలో జాన్ కీలింగ్ ముఖ్యుడు. ఆలయమునకు రాకుండుటయు, చట్టవిరుద్ధమైన కూటములు జరుపుటయు నేరములుగా మోపబడెను. ప్రార్థన పుస్తకమును గూర్చి వారు వాదించిరి. ఆ పుస్తకములోని ప్రార్థనలను నేటికిని భక్తితో వాడు సంఘములు అనేకములున్నవి. వాటిని తూలనాడుట మన ఉద్దేశము కాదు. ప్రార్థన బలవంతముమీద చేయింపవలెనా అన్నదే అక్కడి ప్రశ్న. మూడు మాసములు చెర, అప్పటికిని లోబడనిచో దేశబహిష్కారము, తిరిగివచ్చిన ఉరి అని తీర్పు చెప్పిరి. దేశమునుండి వెళ్లగొట్టలేదు గాని, విడుదలయు చేయలేదు. మూడు మాసములు 12 ఏండ్లాయెను.

సహోదరీలారా, ఇక్కడ అతని భార్యను మనము మరువరాదు. మొదటి భార్య 1658లో మరణింపగా, మరుసటి యేడు బన్యన్ ఎలిజబెత్ అను యువతిని వివాహమాడెను. మొదటి భార్యకు నలుగురు బిడ్డలు. పెద్దదియైన మేరి పుట్టు గ్రుడ్డిది. భర్త పట్టుబడిన వార్త విని, గర్భవతియైన ఎలిజబెత్‌కు ఆ భయముచేత నెలలు నిండకయే నొప్పులు వచ్చెను. ఎనిమిది దినములు బాధపడి కనిన బిడ్డ చనిపోయెను. అట్టి స్త్రీ 1661 ఆగస్టులో న్యాయాధిపతులు బెడ్‌ఫోర్డునకు వచ్చినప్పుడు మూడు మారులు భర్త విన్నపమును వారి యొద్దకు మోసికొని పోయెను. స్వాన్ అను సత్రపు మేడగదిలో, న్యాయాధిపతులును ఊరి పెద్దలును కూర్చుండియుండగా, వణకుచు లోనికి వెళ్లెను. తన భర్త నేరము ఒప్పుకొనలేదనియు, మాటల సందర్భములో చెప్పినదానిని ఒప్పుదలగా వ్రాసికొనిరనియు ఆమె వాదించెను. తాము నలుగురు పసిబిడ్డలతో ఇరుగుపొరుగువారి దయవలన బ్రతుకుచున్నామని చెప్పెను. ట్విస్‌డెన్ అను న్యాయాధిపతి కోపపడెను. మాథ్యూ హేల్ అను మరియొకడు జాలిపడి, పై కోర్టునకు వెళ్లు మార్గములు చెప్పెను గాని తాను ఏమియు చేయలేకపోయెను. ఆమె ఏడ్చుచు బయటకు వచ్చెను. వారి కఠినత్వముకంటె, ప్రభువు వచ్చునప్పుడు వారు ఏమి లెక్క చెప్పుకొందురో అన్న తలంపే ఆమెను ఎక్కువగా ఏడ్పించెను.

ఇక బోధింపనని ఒక్క మాట చెప్పినయెడల బన్యన్ ఇంటికి పోవచ్చును. తన ఎముకలనుండి మాంసము ఊడదీసినట్లు బిడ్డల ఎడబాటు అతనిని బాధించెను. గ్రుడ్డి కుమార్తె చలికి, ఆకలికి, ఇతరుల దెబ్బలకు ఎట్లు ఓర్చుకొనునో అని అతడు పరితపించెను. తన ఇంటిని తానే భార్యాబిడ్డల తలమీద కూలద్రోయుచున్నట్లు అతనికి తోచెను. అయినను ఆ మాట చెప్పలేదు. వారి పోషణకొరకు చెరసాలలో దారపు తాళ్లు అల్లి, కొనలకు రేకు ముక్కలు బిగించి అమ్మించెను. బైబిలును, హతసాక్షుల చరిత్రయు తోడుగా నుండగా అనేక పుస్తకములు వ్రాసెను.

ఇట్లుండగా 1664లో క్రొత్త చట్టము వచ్చెను. ఒక ఇంటిలో ఆ కుటుంబమువారు గాక, 16 ఏండ్లు నిండినవారు అయిదుగురికంటె ఎక్కువమంది ప్రభుత్వ సంఘపు పద్ధతి తప్పి ఆరాధన చేసినయెడల నేరమాయెను. 1670లో దానిని మార్చి మరింత గట్టిచేసిరి. వచ్చినవారికి 5 షిల్లింగులు, బోధకునికి 20 పౌనులు, ఇల్లు ఇచ్చిన యజమానికిని 20 పౌనులు జరిమానా. పట్టియిచ్చినవానికి అందులో మూడవ వంతు బహుమానము. కాబట్టి పొరుగువాడే పొరుగువాని గడప కాయనారంభించెను. బెడ్‌ఫోర్డులో అధికారులు జరిమానా క్రింద సామానులు జప్తుచేయబోయినప్పుడు, వాటిని మోయుటకు ఒప్పుకొనక కూలివారు దాగికొనిరి. ఆ కూలివారి పేర్లు ఎవరికిని తెలియవు. కాని వారి మంచితనము నిలిచియున్నది.

1672 మార్చిలో రాజు తన ఆజ్ఞచేత కొంత స్వేచ్ఛ ఇచ్చెను. అయితే బోధకునికి ఒక అనుమతి పత్రము, కూడుకొను స్థలమునకు వేరొక అనుమతి పత్రము కావలెను. సంఘము బన్యన్‌ను అప్పటికే కాపరిగా ఎన్నుకొనెను. మే నెలలో అతనికి పత్రము వచ్చెను. తోటలోనున్న ఒక ధాన్యపు కొట్టమునకును పత్రము దొరికెను. సంఘమువారు ఆ కొట్టమును 50 పౌనులకు కొని ఆరాధన స్థలముగా చేసికొనిరి. ఆ స్థలముననే నేటికిని బన్యన్ పేరుగల ఆలయము నిలిచియున్నది. కాని ఆజ్ఞతో వచ్చినది ఆజ్ఞతోనే పోయెను. మరుసటి యేడే రాజు దానిని వెనుకకు తీసికొనెను. కొంతకాలమునకు బన్యన్ మరల సుమారు ఆరు మాసములు చెరలోనుండెను. యాత్రికుని ప్రయాణము 1678లో అచ్చయ్యెను. 1685లో, తాను పట్టుబడినచో భార్య వీధిని పడునేమో అని, తన ఆస్తినంతయు ఆమె పేర వ్రాసియిచ్చెను. గొప్ప పేరు వచ్చిన తరువాతను అతడు భయము లేని దినములు చూడలేదు.

1688లో ఒక తండ్రిని కుమారుని సమాధానపరచి, వర్షములో తడియుచు గుఱ్ఱముమీద లండనునకు వచ్చి, జ్వరముతో ఆగస్టు 31న ప్రభువునందు నిద్రించెను. మరుసటి సంవత్సరము, అనగా 1689లో, పార్లమెంటు సహన చట్టము చేసెను. స్థలము నమోదు చేయించుకొని, తలుపులకు గడియ వేయక కూడుకొనవచ్చునని అందులో ఉండెను. నమోదు అక్కరలేకుండ, ఇంటివారు గాక 20 మంది వరకు ఒక ఇంటిలో కూడుకొనుటకు 1812లో గాని చట్టము ఒప్పుకొనలేదు. బన్యన్ పట్టుబడిన దినమునుండి లెక్కించిన 152 సంవత్సరములు!

ప్రియులారా, ఆదిసంఘమునకు ఆలయములు లేవు. మార్కు తల్లియైన మరియ ఇంటిలో సంఘము రాత్రి ప్రార్థించెను. లూదియ తన ఇల్లు ఇచ్చెను. అకుల ప్రిస్కిల్లల ఇంటను, ఫిలేమోను ఇంటను సంఘములు కూడెను. పౌలు కావలిలో నుండియు తన అద్దె ఇంటి తలుపు అందరికి తెరచెను. అపొస్తలుల కార్యములు 12, 16, 28 అధ్యాయములను ఈ మాసము మీ కుటుంబ ప్రార్థనలో చదివికొనుడి.

చదివినప్పుడు రెండు సంగతులు తలంచుడి. మొదటిది, కూటమునకు ఇల్లు ఇచ్చువారు బోధకునితో సమానముగా భారము మోయుదురు. దీపము వెలిగించి చాప పరచు ఇల్లాలి సేవ చిన్నది కాదు. రెండవది, మన కూటములో దాచవలసినది ఏదియు ఉండరాదు. పొరుగువారికి ఇబ్బంది కలుగకుండ, వారు ఏ వేళ తొంగిచూచినను చేతులలో బైబిళ్లను, హృదయములలో ప్రేమను చూచునట్లు కూడుకొందము. బన్యన్‌ను పట్టుకొనవచ్చిన కానిస్టేబులు చూచినది అదే గదా!

పిలిచినను రాక, చిన్న వానకే, చిన్న పనికే కూటము మానుకొనువారము మనలో ఎందరమో! సాంసెల్ చేనులో ఇటునటు నడచిన ఆ బీద బోధకుని దేవుడు మనకు జ్ఞాపకము చేయును గాక. ఇండ్లలో కూడుకొనుటకు నేటికిని ఏ దేశమందైనను భయపడుచున్న సహోదరుల కొరకు ప్రార్థించుదము. ఆమేన్.