నీటి ముందుచూపు నేర్పిన కంకిపాడు ఇంజనీరు

పటమట: బందరు రోడ్డున పటమట దాటి సాగితే కంకిపాడు వస్తుంది. నదుల నీటిని ముందుగా లెక్కగట్టి దాచుకోవాలని దేశానికి చెప్పిన డాక్టర్ కానూరి లక్ష్మణరావు పుట్టిన ఊరది. జిల్లా జనం ఆయనను కె.ఎల్.రావు గారనే పిలిచేవారు. ఆయన 1986 మే 18న కన్నుమూశారు. విజయవాడ తాగే నీటికి, డెల్టా శివారు ఊళ్ల చెరువులకు చేరే నీటికి ఆయన ఆలోచనతో ఇప్పటికీ సంబంధం ఉంది.

లక్ష్మణరావు 1902 జూలై 15న మధ్యతరగతి కుటుంబంలో జన్మించారు. తొమ్మిదో ఏట తండ్రి చనిపోయారు. బడిలో ఆడుకుంటూ దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు వదలలేదు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా అందుకున్న మొదటి విద్యార్థి ఆయనే. రంగూన్‌లో ప్రొఫెసరుగా పనిచేశారు. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. కొంతకాలం అక్కడే పాఠాలు చెప్పి, తిరిగి స్వదేశం వచ్చారు.

1950లో ఢిల్లీలో డిజైన్ల డైరెక్టరుగా, 1954లో చీఫ్ ఇంజనీరుగా నియమితులయ్యారు. నాగార్జునసాగర్ డ్యాము రూపకల్పనలో ఆయనది పెద్ద పాత్ర. వేలాది కూలీల చేతుల మీదుగా రాతితో లేచిన ఆ డ్యాముకు 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు.

అప్పటికి రావుగారు రాజకీయాల్లోకి వచ్చి అయిదేళ్లయింది. 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1967, 1971 ఎన్నికల్లోనూ ఓటర్లు ఆయననే పంపారు. 1963లో పద్మభూషణ్ వచ్చింది. ఆ ఏడే కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖ చేపట్టారు. నెహ్రూ, శాస్త్రి, ఇందిరాగాంధీ ముగ్గురి మంత్రివర్గాల్లోనూ పనిచేశారు.

నీరున్న రోజునే నీరు లేని రోజు గురించి ఆలోచించాలన్నది ఆయన పట్టుదల. ఒక బేసిన్‌లో వరద సముద్రం పాలవుతుంటే మరో బేసిన్‌లో పైరు ఎండకూడదని భావించారు. 1972లో గంగా-కావేరి అనుసంధాన పథకం ప్రతిపాదించారు. పాట్నా దగ్గర గంగ నుంచి వరద రోజుల్లో 60 వేల క్యూసెక్కులు మళ్లించి, 2,640 కిలోమీటర్ల దారిలో దక్షిణాదికి తేవాలన్నది దాని సారాంశం. ఖర్చు ఎక్కువనీ, నీటిని ఎత్తిపోయడానికి కరెంటు విపరీతంగా కావాలనీ కేంద్రం పక్కన పెట్టింది. ఆ అభ్యంతరాల్లో నిజం లేకపోలేదు. అయితే నదులను కలపాలన్న ఆలోచన మాత్రం చావలేదు. 2015లో పట్టిసీమ నుంచి ఎత్తిపోసిన గోదావరి నీరు పోలవరం కుడి కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసింది.

ఈ ముందుచూపు మన ప్రాంతానికి ఎంత అవసరమో లెక్క చూస్తే తెలుస్తుంది. ప్రకాశం బ్యారేజీలో నిలిచేది సుమారు 3 టీఎంసీలే. ఒక టీఎంసీ అంటే దాదాపు 23 వేల ఎకరాల్లో అడుగు ఎత్తున నిలిచే నీరు. కృష్ణా డెల్టా ఆయకట్టు 13 లక్షల ఎకరాలు. విజయవాడ తాగేది కూడా ఎక్కువగా ఈ నీరే. 1985లో పటమట, గుణదల, భవానీపురం నగరంలో కలిశాయి. ఊరు పెరిగింది గాని బ్యారేజీ పెరగలేదు. సాగర్ దిగువన మూసీ వంటి ఉపనదులు తెచ్చే వరదను ఆపుకోవడానికి మధ్యలో చోటు ఉండేది కాదు. అది సముద్రంలో కలిసేది. నారుమళ్ల వేళ రైతు సాగర్ వైపు చూడాల్సి వచ్చేది.

ఆ లోటు తీర్చడానికే బ్యారేజీకి 85 కిలోమీటర్ల ఎగువన పులిచింతల జలాశయం కట్టారు. నిల్వ 45.77 టీఎంసీలు, అంటే బ్యారేజీకి పదిహేను రెట్లు. 1988లో ఎన్.టి.రామారావు శంకుస్థాపన చేయగా, పని ఆగి మళ్లీ మొదలై 2013 డిసెంబరులో జాతికి అంకితమైంది. దానికి డాక్టర్ కె.ఎల్.రావు సాగర్ అని పేరు పెట్టారు. అప్పటికి ఆయన పోయి ఇరవై ఏడేళ్లు. విజయవాడలో నగరానికి మంచినీరు అందించే హెడ్ వాటర్ వర్క్స్‌కు కూడా ఆయన పేరే ఉంది.

కట్టినంత మాత్రాన పని తీరదు. 2021 ఆగస్టు 5న పులిచింతల గేటు ఒకటి కొట్టుకుపోయింది. దాన్ని మూయడానికి నిల్వ నీటిలో ఎక్కువ భాగం దిగువకు వదలాల్సి వచ్చింది. ఒక్క గేటు ఊడితే ఏడాది నీరు పోతుందని అందరూ చూశారు.

వేసవిలో కాలువలు కట్టేసేముందు శివారు గ్రామాలు మంచినీటి చెరువులు నింపుకుంటాయి. అది నిండకపోతే ఆ ఊరికి బిందెల బారులే. నగరం కుళాయికీ, పల్లె చెరువుకూ మూలం ఒక్కటే కనుక ఇద్దరి వాటా లెక్క వానాకాలంలోనే తేలాలి. గేట్లకు గ్రీజు, కాలువలకు పూడికతీత, తూములకు మరమ్మతు ఆ లెక్కలోవే. కంకిపాడు ఇంజనీరు జీవితమంతా ఢిల్లీకి, జిల్లాకు చెప్పింది ఇదే.